పొగకు తలుపు మూయని మా అత్త

మా మేనత్త పోయి నెల దాటింది. ఆమె ఊరు పెరియంపట్టి మలుపులో కట్టిన ఫ్లెక్సు ఇంకా దించలేదు. బస్సు అక్కడ ఆగినప్పుడల్లా ఆమె నా వైపే చూస్తూ ఉంటుంది. ఏదో పెళ్లి ఫోటోలోంచి కత్తిరించినట్టున్నారు, భుజం పక్కన ఇంకెవరిదో పట్టుచీర అంచు మిగిలిపోయింది. పైన అరవంలో పెద్ద అక్షరాలతో 'ప్రకృతిలో కలిసిపోయారు' అని వేయించారు. అరవంలో చావును అట్లాగే మర్యాదగా చెప్తారు. కింద కన్నీటి నివాళి అర్పిస్తున్నవాళ్ల వరుసలో అందరికంటే పెద్ద ఫోటో ఇటుకలు కాల్చే సూళ యజమానిది. చేతులు జోడించి నవ్వుతున్నాడు.

ప్రకృతి అట! ఆమెను మింగింది ప్రకృతే అయితే నేనీ నాలుగు మాటలు రాసే పనే ఉండేది కాదు.

మా అత్తకు మెల్లగా మాట్లాడడం రాదు. బర్రెతోనైనా, దేవుడితోనైనా, బస్సు కండక్టరుతోనైనా ఒకటే గొంతు. అలాగని ఊరికే అరిచే మనిషి కాదు. ఎవరినైనా తిట్టాలనుకుంటే ముందు చేతిలో ఉన్నది కింద పెట్టేది. చెంబయితే చెంబు, కొడవలైతే కొడవలి, ఒలికిపోకుండా, ఎవరి కాలికీ తగలకుండా ఓ పక్కన జాగ్రత్తగా పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, అప్పుడు మొదలుపెట్టేది. ఆమె వంగి చెంబు నేల మీద పెడుతోందంటే ఎవరికి మూడిందా అని చుట్టుపక్కలవాళ్లు తలలు తిప్పేవాళ్లు. మామ ఉన్నన్నాళ్లూ "మీ అత్త చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి పెట్టి ఉంచండే" అని మాతో చెప్పి నవ్వేవాడు.

ఆమె చివరి ఏళ్లలో తిట్టినదంతా పొగనే.

తమిళనాడులో మా వైపు ఎండాకాలం, వానాకాలం లాగే పొగకాలం అని ఒకటి తయారైంది. వానలు వెనక్కి పోగానే చెరువు పక్క ఎండిన పొలాల్లో మట్టి తవ్వి ఇటుకలు కోస్తారు. సంక్రాంతితో తై నెల వచ్చేసరికి వాటిని గుట్టలుగా పేర్చి నిప్పు పెడతారు. ఆంధ్రా వైపు వాళ్లు బట్టీ అంటారే, దాన్నే మా తెలుగులో సూళ అంటాం. అప్పుడు చలి. గాలి కదలదు. రెండు వైపులా కొండలు. తెల్లవారుజామున పొగ ఎటూ పోలేక ఊరి మీదే పడుకుంటుంది. మధ్యాహ్నం కాస్త గాలి లేస్తే ఇంకో ఊరి మీదికి జరుగుతుంది, సాయంత్రానికి మళ్లీ వస్తుంది. ఎండాకాలంలో, చిత్తిరై నెలలో వాన పడేదాకా ఇదే వరస.

మొదట్లో కట్టెలు పెట్టేవాళ్లు. నీలగిరి మొద్దులు, తుమ్మ కంప. ఆ పొగ ఎవరికీ అంత పట్టింపు లేదు. తర్వాత లారీల్లో పాత టైర్లు రావడం మొదలైంది. టైర్లతో పాటు చెప్పుల తుక్కు, చిరిగిన రెగ్జిను, రంగు పోయిన ప్లాస్టిక్కు. ఆ పొగ తెల్లగా ఉండదు. నల్లగా, నూనెగా ఉంటుంది. తీగ మీద ఆరేసిన పంచె దులిపితే చేతికి మసి అంటుకుంటుంది. గొంతులో రబ్బరు నమిలినట్టు ఉంటుంది. ఊళ్లో పసిపిల్ల ఉన్న ప్రతి ఇంట్లోనూ ఆవిరి పట్టే మిషను కొన్నారు. చీకటి పడకముందే తలుపులు, కిటికీలు బిగించుకుని, గడప కింద సందుల్లో గుడ్డలు కుక్కుకుని, లోపల ఉక్కపోతలో టీవీ చూస్తూ కూర్చుంటారు. అదేదో పెద్ద సర్దుబాటు చేసుకున్నట్టు!

మా అత్త ఒక్కతే మూసేది కాదు.

ఆమె పొగను 'వాడు' అనేది. "వాడొచ్చినాడే, చూడు" అని, ఎవరో పిలవని చుట్టం గుమ్మంలోకి వచ్చినట్టు చెప్పేది. ఒకసారి నేను ఆ ఇంట్లో ఉండగానే కోడలు కిటికీ రెక్క పట్టుకుంది.

"అత్తా, మూస్తా. వాసన లోపలికొస్తా ఉండాది."

"ముయ్యొద్దు."

"అట్ల దగ్గుతా ఉండావు గదా!"

"దగ్గేది నేను. మూసుకోవాల్సింది వాడు. నా ఇంటి తలుపు నేనేంటికి మూసుకోవాలె? నేనేం తప్పు చేసినానని?"

కోడలు నా వైపు చూసింది. ఆ పిల్లది పాపం రెండు వైపులా ఇబ్బంది. సూళ యజమాని వాళ్ల పంగాళే, అంటే దాయాది. మామ చిన్నాన్న మనవడు. అతనొక్కడే కాదు, చెరువు పొడవునా ఉన్న సూళలన్నీ ఆ పంగాళులవే. ఇతను అందరికీ పెద్ద. అత్త కొడుకు, మా బావకు అతనితో గొడవ పడే ధైర్యం లేదు, తల్లిని ఆపే శక్తీ లేదు. హోసూరులో పనిచేస్తూ వారానికోసారి వచ్చి, "అమ్మా, మనకేంటికి?" అని ఒక మాట అనేసి మళ్లీ బస్సెక్కేవాడు.

నేనుండే ధర్మపురి నుంచి ఆమెకు మంచి మాస్కులు తీసుకుపోయాను. ఒకటి చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చెవులకు తగిలించుకునే దారాలు లాగి చూసింది. తర్వాత దాన్ని మడిచి, జాగ్రత్తగా పక్కన పెట్టింది. నాకు మూడిందని అర్థమైంది.

"మొగం ఎవరు మూసుకుంటారే? దొంగతనం చేసినోడు మూసుకుంటాడు. సూళకాడ నిలబడి టైరు పెట్టేవాడు దర్జాగా మీసం తిప్పుకుంటా ఉండాడు, నన్ను మొగం కట్టుకోమంటావా? చదువుకున్నదానివి, ఇదేనా నువ్వు తెచ్చేది?"

వాదించాను. ఆరోగ్యం అన్నాను, ఊపిరితిత్తులు అన్నాను. ఆమె మొండితనం ఆమెకే చేటు అని నాకు తెలుసు, ఇప్పటికీ అదే అంటాను. కానీ ఆ ఊళ్లో అంతమంది తలుపులు మూసుకుని కూర్చుంటే, మూసుకోవాల్సింది మనం కాదన్న ఒక్క మాట అన్నది ఆమే. మిగిలినవాళ్లందరికీ అది మొండితనంలాగే కనిపించింది.

ఆ ఇంట్లో కోడలు పట్టుపురుగులు పెంచుతుంది. ఇంటి వెనక షెడ్డు, షెడ్డు వెనక మల్బరీ తోట. పొగకాలంలో ఆకు మీద సన్నటి జిడ్డు పడుతుంది. కడిగినా పూర్తిగా పోదు. రెండేళ్ల కిందట తై తర్వాతి మాసి నెలలో, పురుగులు చివరిసారి పొర విడిచే నిద్ర లేచి గూళ్లు కట్టడానికి ఇంకొన్ని రోజులే ఉందనగా, ఆకు ముట్టడం మానేశాయి. పొద్దున వేసిన ఆకు సాయంత్రానికి అట్లాగే వాడిపోయి ఉంది. ఆ దశలో అవి ఆకు తింటుంటే షెడ్డు బయటికి వినబడేంత చప్పుడు ఉంటుంది. ఆ రోజు ఏ చప్పుడూ లేదు. తలలు పైకెత్తి అట్లాగే ఉండి, నోట్లోంచి నీళ్లు కార్చి, మెత్తబడి, తట్టల్లోనే చచ్చిపోయాయి. కోడలు షెడ్డు గుమ్మంలో కూర్చుని మోకాళ్లలో తల పెట్టుకుంది. అత్త ఒక తట్టెడు పురుగులు గుడ్డ కప్పి ఎత్తుకుని, ధర్మపురి బస్సెక్కి, నా ఇంటికి వచ్చేసింది.

"పా. పొగ సంగతి చూసే ఆఫీసు ఒకటుందంట గదా. చూపించు."

ఏ ఆఫీసో రాయను. అక్కడ ఉన్న అధికారి మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, నీళ్లు ఇప్పించాడు. అత్త తట్ట మీద గుడ్డ తీసి ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన కొంచెం వెనక్కి జరిగి, అరవంలో, సొంత అవ్వను పిలిచినట్టు ఎంతో ఆప్యాయంగా అడిగాడు.

"పాట్టీ, ఇంట్లో వంట దేని మీద? కట్టెల పొయ్యా?"

అరవం వచ్చు గానీ, పొయ్యి సంగతి ఎందుకో ఆమెకు మొదట అర్థం కాలేదు. పురుగులు మన పొయ్యి పొగకే చచ్చాయంటున్నాడని నేను తెలుగులో చెప్పాను. అప్పుడు ఆమె ముఖం చూడాల్సింది.

"నా కోడలు కాపురానికి వచ్చినప్పటినుంచి గ్యాసు సార్. పురుగుల షెడ్డులో పొయ్యి యాడుంటుంది సార్? పొయ్యికి టైర్లు పెట్టి ఎవురైనా అన్నం వండుతారా?"

ఆయన చిన్నగా నవ్వాడు. పురుగులకు నూరు రకాల జబ్బులు వస్తాయన్నాడు. పొగలో ఏముందో కొలిచి చూడకుండా ఏమీ చెప్పలేమన్నాడు. వచ్చి చూస్తాం, తప్పకుండా చూస్తాం అన్నాడు.

వచ్చారు కూడా. అదే నాకు అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి. జీపు రావడానికి ముందు రోజే సూళల దగ్గర టైర్లన్నీ మాయమయ్యాయి. వాటి చోట నీలగిరి మొద్దులు, తోరణం కట్టలేదన్న మాటే గానీ, అంత అందంగా పేర్చి ఉన్నాయి. వచ్చినవాళ్లు చుట్టూ తిరిగారు, ఫోటోలు తీసుకున్నారు, కొబ్బరి బొండాలు తాగారు. నేల మీద టైరు కాలగా మిగిలిన ఇనుప తీగలు చుట్టలు చుట్టలుగా పడి ఉన్నాయి, వాటిని తొక్కుకుంటూ నడిచారు. ఒక్కరూ కిందికి చూడలేదు. అత్త రోడ్డు పక్కన నీళ్ల బిందెతో నిలబడి అంతా చూసింది. బిందె కింద పెట్టింది. జీపు ఆమె ముందు నుంచే పోయింది. అద్దాలు ఎత్తి ఉన్నాయి.

ఒకటి చెప్పాలి. సూళలో పనిచేసేవాళ్లను ఆమె ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. ఎక్కడినుంచో వచ్చి, ఇటుకలతోనే పేర్చిన గూళ్లలో సంసారాలు చేసే జనం. టైరు ముక్కలు మోసే ఆడమనిషి ఒకామె అత్త ఇంటికి మజ్జిగకు వచ్చేది. గడపలో కూర్చుని, తాగే ముందు దగ్గి దగ్గి, కళ్లు తుడుచుకుని తాగేది. ఊళ్లో ఎవరో ఆమెను కసురుకుంటే అత్త ఒంటికాలి మీద లేచింది. "దాన్నేంటికి అంటారు? మనకంటే ముందు ఆ పొగ మింగేది అదే గదా!"

ఆ తర్వాతి ఏడు సూళ యజమాని ఊరికి దూరంగా చెట్టికరై దగ్గర, ఇంజనీరింగు కాలేజీ వైపు, కొత్త ఇల్లు కట్టాడు. గృహప్రవేశానికి పళ్లెంలో తమలపాకులు, పసుపు కుంకుమ పెట్టుకుని స్వయంగా వచ్చి పిలిచాడు.

"పెద్దమ్మా, మన వంశంలో ఇప్పుడుండే పెద్దదానివి నువ్వే. పెదనాన్న లేడని వెనకాడొద్దు, నువ్వొచ్చి దీపం పెట్టాలె. రాకుంటే నేను ఒప్పుకోను."

పోదనే అందరం అనుకున్నాం. పట్టుచీర కట్టుకుని, మామ పోయినా మానని కనకాంబరాలు తలలో పెట్టుకుని బయల్దేరింది. దీపం పెట్టింది. అందరినీ పలకరించింది. ఇల్లు నిజంగా బాగుంది. పై అంతస్తులో పెద్ద పెద్ద కిటికీలు, ఎదురుగా చింతతోపు. అతని భార్య మమ్మల్ని గదులన్నీ తిప్పి చూపించి, కిటికీ దగ్గర నిలబెట్టింది.

"ఇక్కడ గాలి చూడు అక్కా, ఎంత బాగుండాదో. ఊళ్లో పాపకు మూచ్చు, ఊపిరే ఆడేది లేదు. వీజింగు. డాక్టరు ఊరు మార్చేయమన్నాడు. అందుకే తొందర తొందరగా కట్టించినాం."

అత్త చేతిలో పాయసం గ్లాసు ఉంది. దాన్ని కిటికీ గట్టు మీద పెట్టింది.

"పాపకు ఏం పడలేదంట?"

"పొగ, అత్తా."

"ఏ పొగ?"

ఆ పిల్ల మెట్ల వైపు చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు చీర కుచ్చిళ్లు సర్దుకోవడం మొదలుపెట్టారు.

"ఏ పొగమ్మా? చెప్పు. నా పొయ్యి పొగా?"

ఈలోగా ఎవరో కబురు చేసినట్టున్నారు, అతను మెట్లెక్కి నవ్వుతూ వచ్చాడు. "పెద్దమ్మా, మంచి నాడు. ఇవన్నీ ఇంకోసారి మాట్లాడుకుందాం. రా, భోజనానికి పోదాం."

"బిడ్డ కోసం ఊరు మార్చినావు. మంచి పని చేసినావు, నేను కాదనలేదు. మాకు ఏ ఊరు చూసినావురా?"

"సూళను నమ్ముకుని ఎంత మంది ఉండారో నీకు తెలవదా పెద్దమ్మా?"

"సూళ మూసేయమని నేనెప్పుడైనా అన్నానా? మీ నాయన సూళ పెట్టలేదా? ఆయన టైర్లు పెట్టినాడా? కట్టె పెట్టు. తుక్కు మానేయ్. అంతే గదా నేనడిగేది."

"సరే, చూస్తాలే."

"నువ్వు చూసేదానికి అది ఇక్కడినుంచి కనబడదురా."

 అత్త నెమ్మదిగా కిందికి దిగి, హాల్లో బొమ్మలతో ఆడుకుంటున్న ఆ పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తలలోంచి కనకాంబరాల మూర ఒకటి తుంచి ఆ పిల్ల జడలో పెట్టి, నూరేళ్లు బతకమని దీవించింది. అన్నం తినకుండా వచ్చేసింది. నేనూ ఆమెతోనే బస్సెక్కాను. పెరియంపట్టి దగ్గరపడుతుంటే, "పాప బాగా బక్కచిక్కింది" అని ఒక్క మాట అంది.

ఆ తర్వాత జరిగిందేమంటే, పంగాళులంతా కలిసి ఆమె మీదే కోపం పెట్టుకున్నారు. మంచి రోజున ఇంట్లో నిలబడి పరువు తీసిందట. బావ కూడా, "ఎవరింట్లో ఏం మాట్లాడాలో తెలవదా నీకు" అని తల్లితో కొన్నాళ్లు సరిగా మాట్లాడలేదు. పెళ్లిళ్లకు పిలుపులు తగ్గాయి. టైర్ల లారీలు మాత్రం తగ్గలేదు. పరువు తీసింది ఆమె. ఊపిరి తీసినవాడికి మాత్రం ఊళ్లో నమస్కారాలు!

ఇవన్నీ తెలుగులో రాస్తున్నాను. మా అత్త పుట్టినప్పటినుంచి తిట్టింది, దీవించింది తెలుగులోనే గానీ, ఈ అక్షరాలు ఆమెకు రావు. సూళ యజమానికీ రావు, బావకూ రావు, మా బళ్లలో చదువంతా అరవంలోనే. ఇది చదివి మా ఊళ్లో ఎవరికీ కోపం వచ్చే ప్రమాదం లేదు. ఆ సంగతి కూడా నాకు కోపంగానే ఉంది.

ఈ ఏడు తైలో ఆమెకు దగ్గు తిరగబెట్టింది. మాసి వచ్చేసరికి పడుకుంటే ఊపిరి ఆడని స్థితి. గోడకు దిండు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. చివరికి బావ సెలవు పెట్టి వచ్చి, ధర్మపురిలో ఆసుపత్రిలో చేర్చాడు. పగలంతా నేను దగ్గరుండేదాన్ని. ముక్కుకు గొట్టం పెట్టారు. మొదటి రోజు కాస్త తేరుకుని, పక్కనున్న సిలిండరును చూసి నాతో అంది.

"డబ్బా గాలి బాగుండాదే. దీన్ని మా ఊరి దాకా పంపమను."

వయసులో ఉన్న డాక్టరు ఒకతను వచ్చి ఎక్సరే వెలుతురుకు పట్టుకుని చూశాడు. నా వైపు తిరిగి అడిగాడు.

"ఎన్నేళ్లు కట్టెల పొయ్యి మీద వండారు ఈమె?"

ఇదే మాట! ఎక్కడికి పోయినా ఇదే మాట. టైర్ల గురించి చెప్పాను, లారీల గురించి చెప్పాను, ఊళ్లో పిల్లల గురించి చెప్పాను. ఆయన ఓపికగా విని, "అది కూడా ఉండొచ్చమ్మా. కానీ వయసు కూడా ఉంది కదా" అన్నాడు. నా గొంతు పెరిగింది. పక్క మంచాల వాళ్లు తిరిగి చూశారు. అత్త నా చెయ్యి పట్టుకుని ఆపుతుందనుకున్నాను. ఆపలేదు. కళ్లు మూసుకుని, "ఇంకా గట్టిగా చెప్పు" అంది.

నాకు ఆమె చెప్పిన ఆఖరి మాట అదే. తర్వాత మాటలు లేవు, ఎగశ్వాసే. రెండు రోజులకు ఒక మధ్యాహ్నం పోయింది.

ఊరికి తెచ్చాం. సూళ యజమాని అందరికంటే ముందు వచ్చాడు. అందరికంటే పెద్ద దండ తెచ్చాడు. పాడెకు భుజం పట్టాడు. నిజంగానే ఏడ్చాడు, ఆ మాట కూడా చెప్పాలి. "నా పెద్దమ్మ నన్ను తిట్టినట్టు ఎవరూ తిట్టలేదు" అని అందరితో చెప్పుకుని ఏడ్చాడు. ఫ్లెక్సు వేయించింది అతనే.

పంగాళి చావు కాబట్టి అందరికీ తీట్టు, అంటు. కరుమాది, అంటే కర్మ, అయ్యేదాకా ఆ వంశంలో ఎవరూ కొత్తగా నిప్పు పెట్టకూడదు. కాలుతున్న సూళలు వాటంతట అవి ఆరిపోయాయి. పేర్చి సిద్ధంగా ఉన్నవి అట్లాగే ఉండిపోయాయి. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, జీపు రాలేదు, ఎవరూ ఏదీ కొలవలేదు. చెరువు పొడవునా ఒక్క సూళ కూడా వెలగలేదు.

కర్మకాండ దాకా నేను అక్కడే ఉన్నాను. నాలుగో రోజో అయిదో రోజో పొద్దున్నే లేచి బయటికి వస్తే, కొండ మీద చెట్లు విడివిడిగా కనిపించాయి. మాసి నెలలో! చలిగాలిలో మల్బరీ తోట వాసన, పేడ వాసన, ఎవరింట్లోనో ఉల్లిపాయ తాలింపు వాసన. వీధిలో ఆడవాళ్లు మంచాలు బయట వేసుకుని కూర్చుని చనిపోయినామె గురించి మెల్లగా మాట్లాడుకున్నారు. ఎదురింటి పసిపిల్ల ఆ వారమంతా రాత్రుళ్లు ఏడవలేదని వాళ్లమ్మ చెప్పింది. చెప్పి, అట్లా అనడం తప్పేమో అన్నట్టు నాలిక కరుచుకుంది.

కరుమాది భోజనాల దగ్గర సూళ యజమాని నా పక్కనే చేతులు కడుక్కుంటున్నాడు. అడిగేశాను.

"ఇన్నాళ్లు సూళలన్నీ ఆపినారే. పనులు ఆగిపోలేదా?"

"ఆగినాయి వదినా. ఏం చేస్తాం? పెద్దమ్మ కోసం ఆ మాత్రం చేయొద్దా?"

"ఆమె బతికుండగా ఆపమని కూడా అడగలేదు. టైర్లు మానేయమనింది, అంతే."

అతను తుండుతో చేతులు తుడుచుకున్నాడు. ఒక్కొక్క వేలూ తుడుచుకున్నాడు.

"అది వేరే వదినా. ఇది చావు గదా."

అంత సులువుగా అనేసి, ఆకులో నెయ్యి పడలేదని ఎవరినో కేకేస్తూ వెళ్లిపోయాడు.

సాయంత్రం బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాను. చెరువు వైపు పంగాళులంతా చేరారు. తలస్నానం చేసి, ఉతికిన పంచెలు కట్టుకుని, సూళ నోటి దగ్గర కొబ్బరికాయ కొట్టి కర్పూరం వెలిగించారు. దండం పెట్టుకుని నిప్పు అందించారు. ముందు కర్పూరం వాసన వచ్చింది. ఆ తర్వాత టైరు వాసన వచ్చింది.